పాత గార్డెన్ ట్రాక్టర్‌కి మళ్లీ ప్రాణం – 3వ పాఠం: ఏళ్లుగా ఆగిపోయిన ఇంజన్‌ని లేపడం

పోయిన పాఠంలో ట్రాక్టర్‌ని విప్పుకున్నాం. ఏ బోల్టు ఎక్కడిదో డబ్బాల మీద రాసుకున్నాం, వైర్లకి చీటీలు కట్టాం, ఇంజన్‌ని ఫ్రేము నుంచి దించి బెంచీ మీద పెట్టాం. ఇక్కడిదాకా వచ్చాక ఎవరికైనా చేతులు దురద పెడతాయి. కొత్త బ్యాటరీ తగిలించి, కాస్త పెట్రోలు పోసి, ఒక్కసారి తాళం తిప్పి చూద్దాం, ఏమవుతుందిలే అనిపిస్తుంది. దయచేసి ఆగండి. ఈ పాఠమంతా ఆ తాళం తిప్పేముందు చేయాల్సిన పనుల గురించే.

నా మొదటి ఇంజన్‌ని నేను ఆ తొందరలోనే పోగొట్టుకున్నాను. గేజ్ కడ్డీ తీసి చూస్తే ఆయిల్ నిండుగా ఉంది, నిజానికి గీత కంటే కాస్త పైనే ఉంది, ఇంకేం కావాలి అనుకుని స్టార్ట్ చేశాను. వెంటనే అందుకుంది. చక్కగా నడిచింది కూడా, ఓ నాలుగు నిమిషాలు. తర్వాత లోపల్నుంచి సుత్తితో కొట్టినట్టు చప్పుడు, ఆ వెంటనే కనెక్టింగ్ రాడ్ (పిస్టన్‌ని క్రాంక్‌కి కలిపే కడ్డీ) విరిగి బ్లాకు గోడకి అరచెయ్యంత కన్నం పెట్టింది. ఆయిల్ గీత పైన ఎందుకుందో ఆ తర్వాత తెలిసింది. కార్బొరేటర్‌లో ఫ్లోటు నీడిల్, అంటే గిన్నె నిండగానే పెట్రోలుని ఆపే చిన్న సూది, సరిగ్గా మూసుకోక, నేను ముందు రాత్రి ట్యాంకులో పోసిన పెట్రోలు బొట్టుబొట్టుగా సిలిండర్‌లోకి జారి, అక్కణ్ణుంచి ఆయిల్‌లో కలిసిపోయింది. కడ్డీని ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసి ఉంటే ఆ ఇంజన్ ఇవాళ్టికీ నడుస్తూ ఉండేది. అందుకే ఈ వరసని ఇంత పట్టుగా చెబుతున్నాను.

ఉదాహరణకి నేను కోహ్లర్ కె-సిరీస్ ఇంజన్‌ని తీసుకుంటున్నాను. ఎందుకంటే పాత గార్డెన్ ట్రాక్టర్లలో మీకు ఎక్కువగా ఎదురయ్యేది అదే. ఇంటర్నేషనల్ హార్వెస్టర్ వాళ్ల మొదటి కబ్ క్యాడెట్, 1961 నాటిది, 7 హార్స్‌పవర్ కె-161తోనే వచ్చింది. 1963లో వచ్చిన జాన్ డీర్ 110లోనూ కోహ్లరే. వీల్ హార్స్ మోడళ్లలో చాలావాటికీ ఇదే ఇంజన్. దాని మీద రేకు చీటీ చూసి నంబరు చదవడం తేలికే. మొదటి రెండంకెలు సుమారుగా ఇంజన్ సైజు, అంటే ఎన్ని క్యూబిక్ అంగుళాలో చెబుతాయి, చివరి 1 అంటే ఒకటే సిలిండర్. కె-241 అంటే దాదాపు 24 క్యూబిక్ అంగుళాలు, 10 హార్స్‌పవర్. కె-301 అయితే 12, కె-321 అయితే 14, కె-341 అయితే 16. కింద నేనిచ్చే కొలతలన్నీ కె-241వి. మీది వేరే ఇంజన్ అయితే కొలతలు దాని మాన్యువల్ చూసి తీసుకోండి, పని వరస మాత్రం ఇదే.

ఈ ఇంజన్ గురించి ఒక్క సంగతి గుర్తుపెట్టుకుంటే మిగతావన్నీ అర్థమవుతాయి. బ్లాకు పోత ఇనుము, ఓ పట్టాన అరగదు. కనెక్టింగ్ రాడ్ మాత్రం అల్యూమినియం, అది క్రాంక్ మీద నేరుగా తిరుగుతుంది, మధ్యలో విడిగా బేరింగ్ ముక్కలేవీ ఉండవు. ఆయిల్ పంపు కూడా లేదు. రాడ్ అడుగున ఉండే చిన్న గరిటె లాంటి తోక తిరిగిన ప్రతిసారీ ఆయిల్‌ని చిమ్ముతుంది, ఆ తుంపరే మొత్తం ఇంజన్‌కి ఆధారం. ఆయిల్ తగ్గినా, పెట్రోలు కలిసి పలచబడినా ముందుగా పోయేది రాడ్డే.

తిప్పకముందు

ఆయిల్ మొత్తం దించేయండి. పాతది ఎంత శుభ్రంగా కనబడినా సరే. తెల్లటి పళ్లెంలోకి దించితే అందులో ఏముందో కనబడుతుంది. అడుగున నీళ్లు విడిగా నిలిచాయా, పెట్రోలు వాసన ఉందా, మెరిసే పొడి ఉందా చూడండి. పొడికి అయస్కాంతం ఆనించండి. అంటుకుంటే అది రింగుల నుంచో గేర్ల నుంచో వచ్చిన ఇనుము, అంటుకోకుండా మెరుస్తూ ఉంటే అల్యూమినియం, అంటే రాడ్ అరిగి ఉండొచ్చు. అప్పుడు స్టార్ట్ చేసే మాటే లేదు, అడుగు ప్యాన్ విప్పి రాడ్ చూడాల్సిందే. అంతా బాగుంటే కొత్త ఎస్‌ఏఈ 30 ఆయిల్ సుమారు 1.9 లీటర్లు పోయండి.

తర్వాత ఫ్లైవీల్ (ఇంజన్ కొసన తిరిగే బరువైన చక్రం) మీద రేకు మూత తీయండి. దీన్ని చాలామంది వదిలేస్తారు, వదిలేయొద్దు. ఏళ్ల తరబడి షెడ్లో ఉన్న బండిలో ఎలుకలు గూడు పెట్టడానికి ఇంతకంటే వెచ్చటి చోటు దొరకదు, సిలిండర్ చుట్టూ ఉండే రెక్కల మధ్య గడ్డీ, గుడ్డ పేలికలూ, వైర్ల తొక్కలూ కుక్కి ఉంటాయి. ఈ ఇంజన్‌ని చల్లబరిచేది ఆ రెక్కల మధ్య నుంచి పోయే గాలి ఒక్కటే. గూడు తీయకుండా నడిపితే కాసేపట్లోనే హెడ్డు (సిలిండర్ పైమూత) కాలిపోయేంత వేడెక్కుతుంది. గూడు తీసేటప్పుడు మాస్కు, గ్లవ్స్ వేసుకోండి, ముందు కాస్త తడిపి తీస్తే దుమ్ము లేవదు.

ఇప్పుడు స్పార్క్ ప్లగ్గు విప్పి, ఆ రంధ్రంలో రెండు చెంచాల ఆయిల్ పోసి, ఫ్లైవీల్‌ని రెండు చేతులతో పట్టుకుని మెల్లగా తిప్పండి. ఫ్లైవీల్ వైపు నుంచి చూస్తే గడియారం ముళ్లు తిరిగే దిశ. స్టార్టర్ మోటార్ వాడొద్దు, దానికి లోపలి అడ్డు తెలియదు, మీ చేతులకి తెలుస్తుంది. హాయిగా తిరిగిందా, మంచిది, కింద 'నిప్పు' భాగానికి వెళ్లిపోండి.

పట్టేసిన ఇంజన్

తిరగకపోతే నిరాశ పడకండి. మామూలుగా జరిగేది ఇది. ఇంజన్ ఆగినప్పుడు ఎగ్జాస్ట్ వాల్వ్ తెరిచి ఉండిపోతే, సైలెన్సర్ గుండా తేమ గాలి ఏళ్ల తరబడి సిలిండర్‌లోకి వస్తూనే ఉంటుంది. పోత ఇనుము గోడ మీద, రింగులు ఆనే చోట తుప్పు పట్టి పిస్టన్‌ని కరుచుకుంటుంది. అంటే పిస్టన్ బాగానే ఉంది, గోడా చాలావరకు బాగానే ఉంది, మధ్యలో వెంట్రుకంత తుప్పు మాత్రమే అడ్డం.

తుప్పు వదిలించే ఆయిల్ పోసి వదిలేయండి. కొందరు ఏటీఎఫ్‌ని (ఆటోమేటిక్ గేరుపెట్టెల్లో వాడే ఆయిల్), అసిటోన్‌ని సమానంగా కలిపి వాడతారు, అది బాగా పాకుతుంది కానీ అసిటోన్ తొందరగా అంటుకుంటుంది, దగ్గర్లో నిప్పు ఉండకూడదు, గది తలుపులు తెరిచి ఉండాలి. రోజూ కాస్త పోస్తూ, ఫ్లైవీల్ నట్టుకి పానా వేసి బిగించే వైపే కాస్త బరువు ఆనించి చూడండి. ఆనించడం అన్నాను, ఊగడం కాదు. మూడు రోజులో, పది రోజులో, ఎంత పడుతుందో ఎవరూ చెప్పలేరు. ఈ లోపు రేకు భాగాల మీద పని చేసుకోవచ్చు.

వారం దాటినా కదలకపోతే హెడ్డు విప్పుదాం. హెడ్డు బోల్టుల్ని విప్పేముందు కొద్దిగా బిగించే వైపుకి కదపండి, 'టిక్' మన్నాక విప్పండి, ఇలా చేస్తే తల తెగేది తక్కువ. ఇది సైడ్ వాల్వ్ ఇంజన్ కాబట్టి హెడ్డు తీయగానే పిస్టనూ, దాని పక్కన రెండు వాల్వులూ అరచేతిలో పెట్టినట్టు కనబడతాయి. పిస్టన్ ఎక్కడ ఆగిందో చూడండి. కింద ఆగి ఉంటే దాని పైన గోడంతా తుప్పు ఉంటుంది, ముందు ఆ తుప్పుని సన్నటి ఎమరీ కాగితంతో, ఆయిల్ తడి చేసి, పూర్తిగా తీసేయాలి. తుప్పు మీదుగా పిస్టన్‌ని పైకి తోస్తే రింగులు విరుగుతాయి. గోడ నున్నగా అయ్యాక పిస్టన్ మీద గట్టి చెక్క దిమ్మ పెట్టి, చిన్న సుత్తితో, మేకు కొట్టినట్టు కాకుండా తలుపు తట్టినట్టు కొట్టండి. దిమ్మ పిస్టన్ అంచుకి దగ్గరగా, నాలుగు వైపులా మారుస్తూ ఉండాలి. మిల్లీమీటరు కదిలితే చాలు, ఆ రోజు మనం గెలిచినట్టే. పైకీ కిందకీ కాస్తకాస్త జరుపుతూ ఆయిల్ పోస్తూ వెళితే పూర్తి చుట్టు తిరుగుతుంది.

వాల్వులు పట్టేసినా ఇక్కడే తెలుస్తుంది. చుట్టు తిప్పుతుంటే ఒకటి పైకి లేచి కిందకి దిగకుండా ఉండిపోతుంది. దాని కాడ మొదట్లో ఆయిల్ వేసి, చెక్కతో తట్టి దించండి, మళ్లీ తిప్పండి, మళ్లీ తట్టండి. పది ఇరవై సార్లకి దానంతటదే దిగడం మొదలుపెడుతుంది. సైడ్ వాల్వ్‌తో ఒక సుఖం ఏంటంటే పిస్టన్ వచ్చి వాల్వుకి కొట్టుకునే భయం లేదు.

హెడ్డు ఎలాగూ తీశారు కాబట్టి మసి గీకేయండి, చెక్క ముక్కతోనే, హెడ్డు అల్యూమినియం కాబట్టి ఇనుప గీకుడు వద్దు. మందపాటి అద్దం మీద 240 నంబరు కాగితం పరిచి హెడ్డు అడుగుని దాని మీద నాలుగైదు సార్లు తిప్పితే ఎక్కడ వంపు ఉందో మెరుపుని బట్టి కనబడుతుంది. మొత్తం సమానంగా మెరిసేదాకా రుద్దండి. గాస్కెట్ కొత్తదే వేయండి, ఇక్కడ పొదుపు పనికిరాదు. బోల్టుల్ని ఎదురెదురుగా, మూడు విడతల్లో, చివరికి 34 నుంచి 41 న్యూటన్ మీటర్ల దాకా టార్క్ రెంచితో బిగించాలి. వాల్వ్ సందులు కూడా ఇప్పుడే చూసేయండి, చల్లటి ఇంజన్ మీద ఇన్‌టేక్‌కి 0.20–0.25 మిల్లీమీటర్లు, ఎగ్జాస్ట్‌కి 0.43–0.50.

కంప్రెషన్ సంగతి ఒకటి చెప్పాలి, చాలామంది దీంతో అనవసరంగా టెన్షన్ పడతారు. గేజ్ పెట్టి తిప్పితే చాలా తక్కువ చూపిస్తుంది, రింగులు పోయాయనుకుంటారు. ఈ ఇంజన్లలో చాలావాటికి క్యామ్ మీద ఒక ఏర్పాటు ఉంటుంది, స్టార్ట్ చేసేటప్పుడు తేలిగ్గా తిరగడానికి అది ఎగ్జాస్ట్ వాల్వ్‌ని కొద్దిగా ఎత్తి పడుతుంది, వేగం అందుకున్నాక వదిలేస్తుంది. కాబట్టి ఆ అంకెని నమ్మొద్దు. ప్లగ్గు బిగించి ఫ్లైవీల్‌ని తిరిగే దిశకి ఎదురు దిశలో గట్టిగా ఒక్క విసురు విసరండి. స్ప్రింగు మీద పడ్డట్టు వెనక్కి తన్నిందా, రింగులూ వాల్వులూ ఫరవాలేదు.

నిప్పు

బ్యాటరీ ఇగ్నిషన్ ఉన్న కె-ఇంజన్లలో పాయింట్లు (కలుస్తూ విడిపోతూ ప్లగ్గుకి నిప్పురవ్వ పుట్టించే స్విచ్ కొసలు) ఫ్లైవీల్ కింద కాకుండా బయటే, చిన్న మూత కింద ఉంటాయి, ఇది మన అదృష్టం. ఏళ్లుగా ఆగిన ఇంజన్‌లో నిప్పు రాకపోవడానికి పదింట తొమ్మిది సార్లు కారణం పాయింట్ల మీద పేరుకున్న సన్నటి మరకే, కంటికి కూడా సరిగ్గా కనబడదు. సన్నటి ఆకురాయితో రెండు మూడు లాగులు లాగి, తర్వాత స్పిరిట్‌లో ముంచిన గట్టి అట్టముక్కని పాయింట్ల మధ్య పెట్టి లాగండి. మీటరు పెట్టి, మూసుకున్నప్పుడు కరెంటుకి అడ్డు (రెసిస్టెన్స్) దాదాపు సున్నా చూపిస్తోందో లేదో చూడండి. బాగా తెరుచుకున్న చోట సందు 0.5 మిల్లీమీటరు ఉండాలి.

అంతకంటే ఖచ్చితంగా కావాలంటే టైమింగ్ గుర్తుతో పెట్టుకోవచ్చు. ఫ్లైవీల్ మీద ఇంగ్లీషు 'ఎస్' అక్షరం ఉంటుంది, చూడ్డానికి చిన్న రంధ్రం ఇచ్చి ఉంటుంది. పిస్టన్ పైకి చేరడానికి 20 డిగ్రీల ముందు ఆ గీత రంధ్రం మధ్యకి వస్తుంది, సరిగ్గా అప్పుడే పాయింట్లు విడిపోవడం మొదలవ్వాలి. మీటరు శబ్దం మోడ్‌లో పెట్టుకుంటే, కూత ఆగిన క్షణమే విడిపోయిన క్షణం. నేను ఇలాగే చేస్తాను, ఫీలర్ గేజ్ కంటే దీన్నే నమ్ముతాను.

పెట్రోలు

పాత పెట్రోలు ఎండి వార్నిష్‌లా జెట్లలో గడ్డకడుతుంది. కార్బొరేటర్ విప్పి, రబ్బరు వాషర్లన్నీ పక్కన పెట్టి, లోహపు భాగాల్ని మాత్రమే క్లీనర్‌లో నానబెట్టండి. రంధ్రాల్ని సన్నటి రాగి తీగ పోగుతో పొడిచి, గాలితో ఊదాలి. ఉక్కు సూది, డ్రిల్లు బిట్టు వద్దే వద్దు, ఇత్తడి జెట్టు కన్నం ఒక్క గీత పెద్దదైనా ఇక ఎప్పటికీ సరిగ్గా కుదరదు. ఇథనాల్ కలిసిన పెట్రోలు పాత రబ్బరు గొట్టాల్ని మెత్తబెట్టి తినేస్తుంది, అందుకే గొట్టమూ, ఫిల్టరూ కొత్తవి వేయండి.

తిరిగి బిగించాక నా కథ గుర్తుచేసుకోండి. కార్బొరేటర్‌ని ఇంజన్‌కి తగిలించకుండా, బయట గాలి ఆడే చోట, ఒక పళ్లెం మీద నిలబెట్టి, కాస్త ఎత్తులో చిన్న డబ్బా నుంచి పెట్రోలు ఇచ్చి రెండు గంటలు వదిలేయండి. పళ్లెంలో ఒక్క చుక్క పడినా ఫ్లోటు నీడిల్, దాని సీటు మార్చాల్సిందే. ట్యాంకు కింద కుళాయి లేకపోతే ఒకటి పెట్టించండి, బండి ఆపిన ప్రతిసారీ మూయండి. ఈ ఒక్క అలవాటు ఇంజన్‌ని కాపాడుతుంది.

పాత కార్టర్ కార్బొరేటర్ అయితే మొదట స్క్రూలు మెల్లగా మూసి, పెద్దదాన్ని రెండు చుట్లు, ఐడిల్ స్క్రూని ఒకటికీ ఒకటిన్నరకీ మధ్యలో తెరిచి పెట్టండి. మిగతాది ఇంజన్ వేడెక్కాక సరిచేసుకోవచ్చు.

కార్బొరేటర్ బిగించేటప్పుడు గవర్నర్ (ఇంజన్ వేగాన్ని హద్దులో ఉంచే ఏర్పాటు) కడ్డీ తిరిగి తగిలించడం మర్చిపోతే ఏమవుతుందో తెలుసుకోండి. ఈ ఇంజన్ హద్దు నిమిషానికి 3600 చుట్లు. గవర్నర్ లేకుండా స్టార్టయితే అడ్డూ అదుపూ లేకుండా లేస్తుంది, రాడ్ విరగొచ్చు, ఫ్లైవీల్ పగలొచ్చు, అది పగిలితే ముక్కలు మనిషిని చంపేంత వేగంతో వస్తాయి. స్టార్ట్ చేసేముందు గవర్నర్ చేతిని వేలితో కదిపి, థ్రాటిల్ దానితో పాటు కదులుతోందో లేదో కళ్లతో చూడండి. ఈ ఒక్క దాన్ని నేను ప్రతిసారీ రెండుసార్లు చూస్తాను.

మొదటి స్టార్ట్

ఇంజన్‌ని ఫ్రేములో బిగించి, షెడ్డు బయటికి తెచ్చి, పొడి పౌడరు రకం అగ్నిమాపకం పక్కన పెట్టుకుని చేయండి. మూసిన గదిలో పొగ గొట్టం ముందు నిలబడి చేసే పని కాదు ఇది. కాయిల్‌కి వెళ్లే వైరు చేతికి అందేలా ఉండాలి, తాళం పని చేయకపోతే దాన్ని పీకేస్తే ఇంజన్ ఆగుతుంది. పాత స్టార్టర్-జనరేటర్ ఉన్న బండి అయితే, రెగ్యులేటర్ విప్పి పెట్టాక జనరేటర్‌ని ఒకసారి పోలరైజ్ చేయాలి, అంటే దాని అయస్కాంత ధ్రువాలు సరైన వైపు కుదిరేలా చేయాలి. డెల్కో రెమీ రకానికి, ఇంజన్ ఆగి ఉన్నప్పుడు, రెగ్యులేటర్ మీద బ్యాటరీ, జనరేటర్ టెర్మినల్స్‌ని వైరు ముక్కతో ఒక్క క్షణం తాకించి తీస్తే చాలు. లేకపోతే ఛార్జింగ్ ఉండదు, మీరు మంచి జనరేటర్‌ని పాడైందనుకుని పడేస్తారు.

అందుకున్నాక మొదటిసారి అర నిమిషమే. ఆపి చుట్టూ చూడండి, పెట్రోలు కారుతోందా, ఆయిల్ కారుతోందా, ఏదైనా వదులైందా. రెండోసారి ఐదు నిమిషాలు, సుమారు 1800 చుట్ల దగ్గర. మరీ నెమ్మదిగా పెట్టొద్దు, రాడ్ తోక ఆయిల్ చిమ్మాలంటే కాస్త వేగం ఉండాలి. మొదట్లో వచ్చే నీలం పొగ మీరు సిలిండర్‌లో పోసిన ఆయిల్‌దే, పది నిమిషాల్లో పోవాలి. ఆ తర్వాత కూడా పోకపోతే రింగుల మాట. నల్ల పొగ అంటే పెట్రోలు ఎక్కువవుతోంది, పెద్ద స్క్రూని కొద్దికొద్దిగా మూయండి.

పదిహేను నిమిషాలు నడిచాక ఆపి, వేడి మీదే ఆయిల్ మళ్లీ దించేయండి. లోపల పేరుకున్న మడ్డి అంతా ఇప్పుడే కదిలి వస్తుంది. ఇంజన్ పూర్తిగా చల్లారాక హెడ్డు బోల్టుల్ని అదే వరసలో ఇంకోసారి టార్క్ చూడాలి.

మొదటి మార్పు: సీటు స్విచ్

పాత బండికి చేయదగ్గ మార్పులు చాలా ఉన్నాయి, రాబోయే పాఠాల్లో లైట్లూ, హైడ్రాలిక్ లిఫ్టూ చూస్తాం. కానీ బండి కదలకముందే ఇది ఒక్కటి పెట్టేయమంటాను. ఆ కాలం బండ్లలో చాలావాటికి డ్రైవరు కింద పడినా ఇంజన్ ఆగే ఏర్పాటు లేదు, కింద గడ్డి కోసే బ్లేడ్లు తిరుగుతూనే ఉంటాయి.

వైరింగ్ మీ ఇగ్నిషన్‌ని బట్టి ఉంటుంది, ఇక్కడ తప్పు చేస్తే భాగాలు కాలిపోతాయి కాబట్టి నిదానంగా చదవండి. బ్యాటరీ ఇగ్నిషన్ అయితే కాయిల్‌కి 12 వోల్టులు అందితేనే నిప్పు. తాళం నుంచి కాయిల్ ప్లస్‌కి వెళ్లే వైరు మధ్యలో స్విచ్ పెట్టాలి, కూర్చుంటే కలిసి, లేస్తే విడిపోయే రకం. నాలుగు ఆంపియర్ల దాకా పోతుంది కాబట్టి బొమ్మల స్విచ్ కాకుండా గట్టిది తీసుకోండి. మాగ్నెటో అయితే సంగతి తలకిందులు. దానికి బ్యాటరీతో పని లేదు, ఆపాలంటే దాని కిల్ వైరుని ఫ్రేముకి ఆనించాలి. అందుకని కూర్చుంటే విడిపోయి, లేస్తే కలిసే స్విచ్ పెట్టి, ఒక కొస కిల్ వైరుకీ రెండోది ఫ్రేముకీ ఇవ్వాలి. మాగ్నెటో కిల్ వైరుకి 12 వోల్టులు ఎప్పుడూ తగలకూడదు, కాయిల్ పోతుంది.

స్విచ్ బిగించడానికి సీటు రేకుకి కన్నం వేయొద్దు. సీటు స్ప్రింగు బోల్టు కిందే చిన్న పట్టీ ఇరికించి దానికి బిగించండి. రేపు ఈ బండిని ఇంకొకరు ఫ్యాక్టరీ నుంచి వచ్చినట్టు చేసుకోవాలనుకుంటే ఒక్క బోల్టు విప్పితే సరిపోవాలి. నేను చేసే ప్రతి మార్పుకీ ఇదే కొలత పెట్టుకున్నాను.

ఈ వారం పని: ఆయిల్ దించి పళ్లెంలో ఏం కనబడిందో రాసుకోండి, రేకు మూత తీసి ఫోటో తీయండి, ఇంజన్ చేత్తో తిరుగుతుందో లేదో చూడండి. అంతవరకే. వచ్చే పాఠంలో బ్రేకూ క్లచ్చూ విప్పుతాం. వాటి పాత లైనింగుల్లో ఆస్బెస్టాస్ ఉండే అవకాశం ఉంది కాబట్టి, ఈలోపు ఎవరూ వాటిని గాలితో ఊదకండి, తడి గుడ్డతో తుడిచి, ఆ గుడ్డని సంచిలో కట్టి పడేయండి.